ఎడమ చెంప

వీసా ఆఫీసుకి ఎదురుగా ఉన్న ఫోటో స్టూడియో ఆయన్ని ఆ వీధిలో ఎవరూ పేరు పెట్టి పిలవరు. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా వచ్చినవాళ్ళందర్నీ స్టూలు మీద కూర్చోబెట్టి "నవ్వొద్దు, నవ్వొద్దు" అనడమే ఆయన పని కనక, ఆయన పేరు నవ్వొద్దుగారు అయిపోయింది. టీకొట్టు అతనూ అలాగే పిలుస్తాడు, వీసా ఆఫీసు గేటు దగ్గర కాపలా మనిషీ అలాగే పిలుస్తాడు. మొదట్లో ఉడుక్కున్నాడు. తర్వాత ఉడుక్కోవడానికి కూడా ఓపిక ఉండాలని తెలుసుకుని ఊరుకున్నాడు.

ఆదివారం ఆయనకి సెలవు. సెలవంటే షట్టరు సగం దించి ఉంచడం, అంతే. ఆ సగం షట్టరు కింద నుంచి తల వంచుకుని వాళ్ళావిడ లోపలికొచ్చేసరికి, ఆయన ప్రింటర్లో ఇరుక్కున్న కాగితాన్ని పట్టకారుతో లాగుతున్నాడు.

"రేపు పదిన్నరకి నా టోకెను. ఇవాళ తియ్యకపోతే ఇంక తియ్యరు మీరు," అంది ఆవిడ.

"ఊళ్ళోవాళ్ళందరికీ తీస్తాను, నీకు తియ్యనా? కూర్చో."

కూర్చుంది. చేతిసంచీలోంచి ప్లాస్టిక్ ఫైలు తీసి ఒళ్ళో పెట్టుకుని, అందులో కాగితాలు ఒక్కొక్కటీ వేలితో తడిమి చూసుకుంది. దరఖాస్తు, విమానం టిక్కెట్టు నకలు, ఆసుపత్రి లాండ్రీలో ముప్ఫై ఏళ్ళు పనిచేసి ఈ ఏడే మానేసినట్టు వాళ్ళిచ్చిన ఉత్తరం, కొత్త పాస్‌పోర్టు. నాలుగు రోజులుగా ఇదే పని. అన్నీ ఉన్నాయని తెలిశాక కూడా మళ్ళీ చూస్తుంది.

ఆ లాండ్రీలోనే కలిసి పనిచేసిన నలుగురు ఆడవాళ్ళు పది రోజులు మంచుకొండల దేశం చూసి రావాలని బయల్దేరుతున్నారు. ఈ ఆలోచన వాళ్ళలో పెద్దదైన పెద్దక్కది. "బతుకంతా ఆవిరిలో ఉడికాం, ఒక్కసారి మంచులో నిలబడి వద్దాం," అందామె. మిగతా ముగ్గురికీ వీసాలు వచ్చేశాయి. ఈవిడ పాస్‌పోర్టు ఆలస్యం కావడంతో ఈవిడొక్కతే మిగిలింది. శనివారం పొద్దున్న ప్రయాణం. సోమవారం దరఖాస్తు ఇస్తే శుక్రవారానికి వీసా చేతికొస్తుంది. సోమవారం తప్పితే మళ్ళీ టోకెన్లు నెలాఖరు దాకా లేవు. అంటే మిగతా ముగ్గురూ వెళ్ళిపోతారు, ఈవిడ ఉండిపోతుంది.

"పది రోజులు," అన్నాడు ఆయన కెమెరా కాళ్ళు సర్దుతూ. "పది రోజులు వంటింట్లో నేనేం చెయ్యాలో ఎవరైనా ఆలోచించారా?"

"అన్నం వండుకోవడం నేర్పాను కదా."

"నేర్పావులే. పక్కింటివాళ్ళు కూడా చెప్పుకుంటున్నారు ఆ వాసన గురించి."

ఆవిడ కొంచెం నవ్వి, పాస్‌పోర్టు తెరిచి మళ్ళీ చూసుకుంది.

"గడువు పదేళ్ళుంది. ఎన్నిసార్లు చూస్తావు?"

"గడువు కాదు," అంది.

ఆయన వంగి చూశాడు. పాస్‌పోర్టు ఆఫీసులో వాళ్ళే అక్కడికక్కడ తీసిన ఫోటో. ఆయనకి ఒళ్ళు మండింది. "ఇదొక ఫోటోనా? నెత్తిన ట్యూబులైటు పెట్టి తీస్తే కళ్ళు గుంటలు పడవూ? నేరం చేసి పట్టుబడ్డదానిలా ఉన్నావు."

"నాలాగే ఉంది," అని ఆవిడ పాస్‌పోర్టు మూసేసింది.

ఆయన ఎడమవైపు ఉన్న గొడుగు లైటుని ఒక అడుగు ముందుకి జరిపాడు. మిగతావాళ్ళకి అది నేలమీద గీసిన సున్నా గుర్తు మీదే ఉంటుంది. భార్యకి మాత్రం జరుపుతాడు. ఎందుకని అడిగితే చెప్పలేడు, ఎవరూ అడగలేదు కూడా. రెండు చెవులూ కనబడేలా జుట్టు వెనక్కి తొయ్యమన్నాడు, గడ్డం కొంచెం దించమన్నాడు, నవ్వొద్దన్నాడు. మూడు తీశాడు.

ఇంతలో షట్టరు కింద నుంచి ఒక తల లోపలికి తొంగిచూసింది. చంకలో పసిపిల్లతో ఒక తల్లి. రేపు పొద్దున్నే టోకెనుందిట, ఎక్కడా స్టూడియో తెరిచి లేదుట. పసిపిల్లల వీసా ఫోటో ఎంత యాతనో ఆయనకే తెలుసు. కళ్ళు తెరిచి ఉండాలి, నోరు మూసి ఉండాలి, తల్లి చెయ్యి కనబడకూడదు. ఈ మూడూ ఒక్క క్షణంలో కుదిరే పిల్ల ఇంకా పుట్టలేదు. స్టూలు మీద తెల్లగుడ్డ పరిచి పిల్లని పడుకోబెట్టి, తాళాలగుత్తి ఆడిస్తూ పావుగంట తంటాలు పడ్డాడు.

"ఇక్కడ గుర్తింపు చిహ్నాలు అని ఉంది. ఏం రాయాలి?" అని మూలనున్న బల్ల దగ్గర్నుంచి భార్య అడిగింది.

"ఏదో ఒకటి రాయి. పుట్టుమచ్చ అని రాయి. అదెవరూ చూడరు," అన్నాడు, తాళాలు ఆడిస్తూనే.

ఆవిడ పెన్ను మూత పళ్ళతో పట్టుకుని కాసేపు ఆలోచించింది. తర్వాత వంగి, ఒక్కో అక్షరం దిద్దినట్టు రాసింది. ఏం రాసిందో ఆయన చూడలేదు.

కంప్యూటర్లో ఆయన ఫోటోలకి రెండు అరలున్నాయి. ఒకదాని పేరు వీసా. అందులో పడ్డ ఫోటోని ఆయన ముట్టుకోడు. కొలతకి కత్తిరించడం, అచ్చు వెయ్యడం, అంతే. మొటిమ ఉన్నవాడు మొటిమతోనే విమానం ఎక్కుతాడు. రెండోదాని పేరు ఇంటివి. చుట్టాలవీ, స్నేహితులవీ, పుట్టినరోజులవీ అందులో ఉంటాయి. అవి మాత్రం నునుపు చెయ్యకుండా గడప దాటవు. భార్య ఫోటో ఎప్పుడు తీసినా ఇంటివిలోనే పడేది. ఇవాళా అందులోనే పడింది.

"ఇంకో అయిదు నిమిషాలమ్మా, పాపది కూడా అయిపోతుంది," అని ఆ తల్లికి చెప్తూండగానే ఆయన చెయ్యి మౌసు మీద తన పని తాను చేసుకుపోయింది. ఎడమ కంటి కింద మొదలై దవడ దాకా దిగిన కాలిన మచ్చ. పక్కన బాగున్న చోటు నుంచి కాస్త చర్మం తీసుకుని దాని మీద అద్దాడు. నాలుగు అద్దులు, ఒక రుద్దు. పాతికేళ్ళకి పైగా చేస్తున్న పని, కళ్ళు మూసుకుని చెయ్యగలడు. ఇంచుమించు అలాగే చేశాడు. అచ్చు వేసి, కత్తిరించి, మాసిపోకుండా కవర్లో పెట్టి అంటించి ఇచ్చాడు. ఆవిడ ఆ కవరుని అలాగే ఫైల్లో దాచుకుంది.

సోమవారం పదిన్నరకి ఆవిడ ఫైలుని గుండెకి హత్తుకుని గేటు లోపలికి వెళ్ళడం ఆయన స్టూడియోలోంచి చూశాడు. దరఖాస్తుదారుల్ని తప్ప ఎవర్నీ రానివ్వరు కాబట్టి ఆయన వెళ్ళలేదు. వెళ్ళాల్సిన అవసరం ఉందనీ అనుకోలేదు. ఈ పదేళ్ళలో ఆయన తీసిన వీసా ఫోటో ఒక్కటి కూడా వెనక్కి రాలేదు. కౌంటర్లో వాళ్ళు సైతం "ఎదురుగా నవ్వొద్దుగారి దగ్గర తీయించుకోండి" అని పంపిస్తారని ఆయనకో చిన్న గర్వం. ఆఫీసు లోపల ఈ మధ్య పెట్టిన ఫోటో యంత్రాన్ని ఆయన ఆ డబ్బా అంటాడు. దాని పేరెత్తితే టీ కూడా రుచించదు.

పదకొండుంపావుకి ఆవిడ బయటికొచ్చింది. అప్పుడే రావాల్సింది కాదు. వేలిముద్రలూ అవీ ఉంటాయి, తక్కువలో తక్కువ గంటన్నర పడుతుంది. అటూ ఇటూ చూడకుండా రోడ్డు దాటింది. స్టూలు మీద కూర్చున్న కాలేజీ కుర్రవాడి పక్కనుంచి వచ్చి, బల్ల అద్దం మీద ఒక ఫోటో పెట్టింది.

"ఈవిడెవరని అడిగారు," అంది.

ఆయనకి అర్థం కాలేదు.

"కౌంటర్లో అమ్మాయి. ఈ ఫోటోని నా మొహం పక్కన పట్టుకుని చూసింది. ఎడమ చెంప మీద కాలిన మచ్చ అని దరఖాస్తులో రాశారు, మొహం మీద ఉంది, పాస్‌పోర్టులో ఉంది, ఫోటోలో లేదు, మరి ఈవిడెవరు అని అడిగింది. వెనక కుర్చీల్లో వాళ్ళందరూ విన్నారు. మీ చెల్లెలిదా అని కూడా అడిగింది." ఆవిడ గొంతు పెంచలేదు. పెంచే ఓపిక లేనట్టుంది. "వేరే మనిషి ఫోటో పెట్టడం ఎంత తప్పో మీకు తెలుసా అంది. తెలుసన్నాను."

ఆయన ఫోటో చేతిలోకి తీసుకున్నాడు. చాలా శుభ్రంగా ఉంది. ఎక్కడ అతికాడో ఆయనకే తెలియనంత శుభ్రంగా ఉంది. గోడ మీద ఆయన స్వయంగా రాసి అంటించిన కాగితం ఎదురుగానే ఉంది, వీసా ఫోటోల్లో ముఖం మీద ఏ మార్పూ చెయ్యబడదు, దయచేసి అడగవద్దు అని. ఆయనకి తల కొట్టేసినట్టయింది.

"పన్నెండింటి లోపల సరైనది తెస్తే తీసుకుంటుందిట. దాటితే కొత్త టోకెను."

"ఎంతసేపు, అయిదు నిమిషాలు," అని ఆయన గబగబా కుర్రవాణ్ణి లేపి బయట నిలబెట్టాడు. "కూర్చో కూర్చో. ఏదో అలవాటులో అయిపోయింది. నువ్వు నమ్మవు గానీ, నాకసలు ఆ మచ్చ కనబడదే. ఒట్టు. నీ మొహం చూస్తే నాకెప్పుడూ అది కనబడదు."

ఈ మాట ఆయన ప్రేమగానే అన్నాడు. ఇన్నేళ్ళుగా దాచుకున్న మంచి మాటేదో సమయానికి పనికొచ్చిందనుకున్నాడు.

ఆవిడ కూర్చోలేదు. "కనబడకపోతే ఎలా చెరిపారు?" అని అడిగింది.

ఆయన లైటు సర్దాడు. ఆవిడ చూపు ఆయన చేతి మీద ఉంది. గొడుగు లైటు అప్పటికే సున్నా గుర్తు దాటి ఒక అడుగు ముందుకి వచ్చేసింది. ఎప్పుడు జరిపాడో ఆయనకి తెలియదు. ఆవిడకి తెలిసింది.

"నాకు పుట్టుమచ్చ లేదు," అని చెప్పి, ఫైలు తీసుకుని బయటికి నడిచింది.

ముందు మంచినీళ్ళకి వెళ్ళిందనుకున్నాడు. లైటు వెనక్కి గుర్తు మీదికి లాగాడు, తెల్లతెర మీద దుమ్ము దులిపాడు, కెమెరాలో కొలత చూసుకున్నాడు. తీరా తలెత్తేసరికి ఆవిడ రోడ్డుకి అవతల, కాపలా మనిషికి చీటీ చూపించి గేటు లోపలికి వెళ్తోంది. ఫోటో లేకుండా లోపలికెందుకు వెళ్తోందో ఒక నిమిషం పాటు ఆయనకి తట్టలేదు. తట్టాక స్టూలు మీద తనే కూలబడ్డాడు. గొడుగు లైటు మొహం మీద వెలుగుతూనే ఉంది, ఆర్పాలని కూడా తోచలేదు.

పదకొండున్నర దాటాక పెద్దక్క వచ్చింది. పని ఎంతవరకొచ్చిందో కనుక్కుందామని రెండు బస్సులు మారి వచ్చింది. ఎత్తైన మనిషి, ముంజేతుల మీద లాండ్రీ పని తాలూకు పాత వాతలు. జరిగింది చెప్పక తప్పలేదు. ఆమె నిలబడే వింది.

"ఒక్కమాట అడుగుతాను మరిదిగారూ, నిజం చెప్పండి. అది వెళ్ళకూడదని చేశారా?"

"ఎంత మాటన్నారు వదినగారూ."

"పది రోజులు తిండికెలాగ అని మీరు గొణుగుతున్నారని నాకు చెప్పింది. నవ్వుతూనే చెప్పిందిలెండి."

"కావాలని చెయ్యలేదు వదినగారూ, ప్రమాణం చేసి చెప్తాను. చేసినట్టే తెలియదు నాకు," అన్నాడు. ఆ మాట అంటూండగానే, కావాలని చేసుంటేనే కాస్త నయమేమో అనిపించింది. అప్పుడైనా ఒకసారి చూసి చేసి ఉండేవాడు.

పెద్దక్క బల్ల మీది ఫోటో తీసి కళ్ళకి దూరంగా పెట్టుకుని చూసింది. "ఆ రోజు ఆవిరి గొట్టం పగిలినప్పుడు దాని కింద ఉన్నది నేను. నన్ను పక్కకి తోసి, తను తప్పుకోలేకపోయింది. ఇది నా మొహం మీద ఉండాల్సిన మచ్చ. మీ ఇంటికొచ్చి గోడల మీద ఫోటోలు చూసినప్పుడల్లా అసలక్కడేం జరగలేదేమో అనిపిస్తుంది నాకు." ఫోటోని బోర్లా పెట్టేసింది. "మీరు మంచివారే. అదే వచ్చిన చిక్కు."

ఇద్దరూ గేటు వైపు చూస్తూ కూర్చున్నారు. గోడగడియారం ఎప్పుడూ అంత గట్టిగా కొట్టుకోలేదు. పన్నెండుకి అయిదు నిమిషాలుందనగా కాపలా మనిషి గేటు ఒక రెక్క మూశాడు. రెండో రెక్క మూస్తూండగా ఆవిడ బయటికొచ్చింది.

"తీసుకున్నారు," అంది పెద్దక్కతో.

పెద్దక్క ఆమె రెండు చేతులూ పట్టుకుని, ఇంకేమీ అడక్కుండా అలాగే నిలబడింది. తర్వాత ఆవిడ సంచీలోంచి ఒక చిన్న కాగితం తీసి భర్త ముందు పెట్టింది. ఆ డబ్బా నాలుగు ఫోటోలిచ్చింది. రెండు దరఖాస్తుకి పోయాయి, రెండు మిగిలాయి.

ఆయన కళ్ళజోడు పెట్టుకున్నాడు. "గడ్డం కింద నీడ పడింది. పైనుంచి ఒక్కటే లైటు, చర్మం రంగు చూడు ఎలా..."

"మాట్లాడకుండా ఒక్కసారి చూడండి," అంది ఆవిడ.

ఆయన చూశాడు. మచ్చ కంటి కింద సన్నగా మొదలై, చెంప మధ్యకొచ్చేసరికి వెడల్పై, దవడ దగ్గర రెండుగా చీలింది. రెండుగా చీలుతుందన్న సంగతి ఆయనకి గుర్తులేదు.

ఆ తర్వాత మూడు రోజులూ ఇంట్లో పోట్లాటేమీ జరగలేదు. ఆవిడ వేళకి వండింది, వేళకి పెట్టింది, పెట్టె సర్దుకుంది. ఉన్ని చొక్కాలు ఎండలో వేసి మడత పెట్టింది. ఆవిడ మడత పెడితే అంచుకి అంచు కలుస్తుంది, లాండ్రీ చెయ్యి. ఆయన అడిగినవాటికి జవాబు చెప్పింది. అదే ఆయనకి మింగుడు పడలేదు. గిన్నెలు విసిరినా బాగుండుననుకున్నాడు.

బుధవారం మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చినప్పుడు ఆవిడ గోడల మీది ఫోటోలు తుడుస్తోంది. కూతుర్ని ఎత్తుకుని ఉన్నది, తమ్ముడి పెళ్ళిలోది, కొత్త ఇంటి గుమ్మంలోది, మొన్న లాండ్రీవాళ్ళు వీడ్కోలు చెప్పినప్పటిది.

"మన ఇంట్లో నా ఫోటోలు ఎన్నుంటాయి?" అని అడిగింది వెనక్కి తిరక్కుండా.

"పాతికుంటాయి."

"నేనున్నవి?"

ఆయన కంచం ముందు చెయ్యి కడుక్కుంటూ ఆగిపోయాడు. "నీ మంచికే అనుకున్నానే నేను."

"తెలుసు." ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది, తుడిచే గుడ్డ ఒళ్ళోనే ఉంది. "మొదటిసారి నేనే అడిగానేమో అని రెండు రోజులుగా ఆలోచిస్తున్నాను. అడగలేదు. ఆసుపత్రిలోంచి వచ్చిన నెలకి మీరే ఒక ఫోటో చేసి తెచ్చి చూపించారు, చూడు ఎంత బాగున్నావో అని. అప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు. సంతోషించాను. అబద్ధమెందుకు, ఏడ్చాను కూడా సంతోషంతో. ఆ తర్వాత ఏదో ఒక రోజు అడుగుతారనుకున్నాను, ఇది ఉంచనా, తీసెయ్యనా అని. మీ కొట్టుకొచ్చే వాళ్ళందర్నీ అడుగుతారు కదా."

ఆ రోజు ఆయన అన్నం సగంలోనే లేచాడు. కోపంతో కాదు.

గురువారం వీసా ఆఫీసుకి సెలవు కాబట్టి వీధి ఖాళీగా ఉంది. ఆయన స్టూడియో వెనకగదిలో అటక మీంచి చెక్కపెట్టెలు దించాడు. పాత నెగెటివ్‌లు, ఏడాదివారీగా కాగితపు సంచుల్లో. నడుం పట్టేసింది, తుమ్ములొచ్చాయి. వెతగ్గా వెతగ్గా ఆయనకి కావలసింది మధ్యాహ్నానికి దొరికింది. లాండ్రీ వెనకగుమ్మంలో ఈ నలుగురు ఆడవాళ్ళే, వెనకాల దుప్పట్ల బండి. ప్రమాదం తర్వాత ఆవిడ మళ్ళీ పనిలో చేరిన రోజు ఆయనే వెళ్ళి తీశాడు.

నెగెటివ్‌ని వెలుగుపెట్టె అద్దం మీద పెట్టి భూతద్దంలోంచి చూశాడు. ఆ రోజుల్లో కంప్యూటర్ లేదు, నెగెటివ్ మీదే పెన్సిల్‌తో దిద్దేవారు. ఆవిడ చెంప మీద ఆయన పెన్సిల్ గీతలు వందల కొద్దీ ఉన్నాయి, ఒక్కోటీ వెంట్రుకంత. ఒక పూటంతా కూర్చుని చేసి ఉంటాడు. ఎంత శ్రద్ధగా చేశాడో చూస్తే ఆయనకే ముచ్చటేసింది, వెంటనే సిగ్గేసింది.

కొన్ని నెగెటివ్‌లు బ్లేడుతో గీకినవి, అవి ఇంక తిరిగిరావు. పెన్సిల్ పని మాత్రం చెరుగుతుంది. పుల్లకి దూది చుట్టి, సీసాలోని మందులో ముంచి, పిండి, చెంప మీద ఆనించాడు. గట్టిగా రుద్దితే కింది పొర లేచిపోతుంది. ఆనించడం, ఎత్తడం, దూది మార్చడం. కళ్ళు నీళ్ళు కారుతున్నా ఊపిరి బిగబట్టి చేశాడు. దూది మీదికి బూడిదరంగు కొంచెం కొంచెంగా ఎక్కుతోంది. అరగంటకి కంటి కింద చిన్న చారిక బయటపడింది. గంటకి దవడ దగ్గర రెండు పాయలూ వచ్చాయి. చెరపడం కోసం కాక, చెరిపింది తుడవడం కోసం ఆయన చెయ్యి పనిచెయ్యడం అదే మొదలు.

ఆరిపోయాక కెమెరాతో తీసి, కంప్యూటర్లో తిరగేసి చూశాడు. నలుగురూ కెమెరాకేసి చూసి నవ్వుతున్నారు. ఆవిడే అందరికంటే ఎక్కువ నవ్వుతోంది, పచ్చిమచ్చ లాగుతున్నా సరే. ఆ రోజు నవ్వొద్దని ఆయన చెప్పలేదు. ఫోటోని దాచబోతే ఏ అరలో అని అడిగింది కంప్యూటర్. ఇంటివి అని నొక్కి, మౌసు మీంచి చెయ్యి తీసేశాడు. నాలుగు అచ్చులు వేశాడు.

శుక్రవారం నాలుగింటికి వీసా వచ్చింది. ఆవిడ ఆఫీసు నుంచి తిన్నగా ఇంటికెళ్ళలేదు, రోడ్డు దాటి స్టూడియోకే వచ్చింది. పాస్‌పోర్టు తెరిచి చూపించింది. పేజీ నిండా అతికించిన వీసా, మూలన ఆ డబ్బా తీసిన ఫోటో, గడ్డం కింద నీడతో సహా. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని చూశాడు. నీడ సంగతి ఎత్తలేదు.

"వచ్చింది," అన్నాడు.

"వచ్చింది," అంది ఆవిడ. ఇద్దరూ అలిసిపోయి ఉన్నారు, టీ చెప్పుకుని తాగారు.

శనివారం ఏడింటికి విమానాశ్రయానికి వెళ్ళే వ్యాను స్టూడియో ముందే ఆగింది. పెద్దక్కా మిగతా ఇద్దరూ అప్పటికే ఎక్కి ఉన్నారు. ఆవిడ పెట్టె ఆయనే ఎక్కించాడు. వచ్చి బల్ల సొరుగులోంచి ఒక కవరు తీసి ఇచ్చాడు. ఈసారి అంటించలేదు.

ఆవిడ అక్కడే తెరిచి చూసింది. చాలాసేపు చూసింది. వ్యాను డ్రైవరు హారన్ కొట్టాడు. పెద్దక్క ఏమిటా అని దిగివచ్చి భుజం మీంచి చూసి, ఫోటోలోని ఎడమ చెంపని బొటనవేలితో ఒకసారి ముట్టుకుంది.

"ఇది ఇలా లేదే," అంది ఆవిడ.

"ఇలాగే ఉండేది. పెన్సిల్ గీతలు తుడిచాను," అన్నాడు ఆయన. "నలుగురికీ నాలుగు వేశాను. కొన్ని మాత్రం బ్లేడుతో గీకాను. అవింక రావు."

ఆవిడ తలూపింది. పరవాలేదని అనలేదు. పరవాలేదు అనే మనిషే మామూలుగా. కవరు పెద్దక్క చేతికిచ్చి, సంచీ జిప్పు తెరిచి ఆ డబ్బా ఫోటోలు రెండింట్లో ఒకటి తీసింది. బల్ల దగ్గరికెళ్ళి, బరువైన అద్దాన్ని ఒక మూల ఎత్తిపట్టి, వీసా ఫోటో నమూనాలు పరిచిన చోట, ఆయన కూర్చునే వైపు మొహం ఉండేలా దాన్ని లోపలికి జరిపింది. అద్దం దించి కొంగుతో తుడిచింది.

"ఇది ఇక్కడ ఉండనివ్వండి. నేనొచ్చేదాకా చూస్తూ ఉండండి," అంది.

వ్యాను వెళ్ళిపోయింది. ఆయన కాసేపు గుమ్మంలో నిలబడి, లోపలికొచ్చి షట్టరు పూర్తిగా ఎత్తాడు. ఎనిమిదింటికి వీసా ఆఫీసు గేటు ముందు క్యూ మొదలైంది. తొమ్మిది కాకుండానే మొదటి బేరం వచ్చింది. ఎక్కడికో మొదటిసారి వెళ్తున్న నడివయసు మనిషి, టై బిగించి మెడ తిప్పలేకుండా ఉన్నాడు. ఆయన గొడుగు లైటు సున్నా గుర్తు మీద ఉందో లేదో చూసుకుని, రెండు చెవులూ కనబడాలన్నాడు, నవ్వొద్దన్నాడు. ఫోటో తీశాడు.

ప్రింటరు పనిచేస్తుంటే ఆ మనిషి బల్ల మీద మోచేతులాన్చి అద్దం కింది నమూనాలన్నీ చూస్తూ వచ్చాడు. ఒక దగ్గర ఆగి తల అటు తిప్పి చూశాడు.

"ఇది మీరు తీసినట్టు లేదండీ. నీడ పడింది."

"నేను తీసింది కాదు."

"ఎవరండీ ఈవిడ?"

ఆయన కత్తెర పక్కన పెట్టి, ఫోటో వైపు మరోసారి చూశాడు.

"మా ఆవిడ," అన్నాడు.